సెట్: మూడక్షరాల మాట, ముప్పై అపోహలు

కడపలో ఏడు రోడ్ల దగ్గర స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. గల్ఫ్‌కు పోయేవాళ్లు, నర్సింగ్ పిల్లలు, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు అందరూ నా దగ్గర ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఏ బ్యాచ్ వచ్చినా మొదటి రోజు బోర్డు మీద నేను రాసేది ఒకటే మాట: సెట్. టెన్స్‌లు, ఆర్టికల్స్ అన్నీ దాని తర్వాతే. ఇంగ్లీష్ మాటల గురించి మనకున్న అపోహలన్నీ దీని దగ్గరే బయటపడతాయి.

అపోహ: ఒక ఇంగ్లీష్ మాటకు ఒక తెలుగు అర్థం ఉంటుంది.

చిన్నప్పుడు నోటుబుక్కు మధ్యలో గీత కొట్టి ఎడమవైపు ఇంగ్లీష్, కుడివైపు తెలుగు రాయించారు కదా, జబ్బు అక్కడే మొదలైంది. రాయచోటి వైపు నుంచి ఒక అక్క క్లాసుకు వచ్చేది. అప్పటికే కువైట్‌లో ఒక ఇంట్లో రెండేళ్లు పనిచేసింది. మళ్లీ పోయేలోపు నాలుగు మాటలు నేర్చుకుందామని చేరింది. పనిలో చేరిన మొదటి రోజు ఆ ఇంటావిడ 'సెట్ ది టేబుల్' అందట.

"సెట్ అంటే సరిచేయడమే కదా సార్. టేబుల్ కొంచెం వంకరగా ఉండె. జరిపి గోడకు సరిగ్గా ఆనించినా. గుడ్డ తీసుకుని తుడిచినా. ఆయమ్మ వచ్చి టేబుల్ దిక్కు చూస్తాది, నా దిక్కు చూస్తాది" అని చెప్పి తనే పడీపడీ నవ్వింది. ఆవిడ అడిగింది భోజనానికి ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు సర్దమని. ఇందులో అక్క తప్పేమీ లేదు. మన తెలుగులో 'సెట్ చెయ్' అంటే సరిచెయ్ అనే.

అదే మాట సిమెంట్ పక్కన చేరితే గట్టిపడడం. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు ఇనీషియల్ సెట్టింగ్ టైం 30 నిమిషాలకు తగ్గకూడదని, ఫైనల్ 600 నిమిషాలు దాటకూడదని వాళ్లే నాకు చెబుతారు. సూర్యుడి పక్కన చేరితే అస్తమించడం. విరిగిన ఎముక పక్కన చేరితే పుత్తూరు కట్టు కట్టేవాళ్లు చేసే పని. పక్కన ఏముందో చెప్పకుండా 'సెట్ అంటే ఏంది సార్' అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అపోహ: అయితే అర్థాలన్నీ బట్టీ కొడితే పోలా?

కొట్టండి చూద్దాం. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ నిఘంటువు రెండో కూర్పులో ఈ ఒక్క క్రియకే 430 అర్థాలున్నాయి. చాలాకాలం ఇదే రికార్డు. తర్వాత మూడో కూర్పు పని జరుగుతుండగా 'రన్' దీన్ని దాటేసింది. పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు తొమ్మిది నెలలు కూర్చుని ఆ క్రియకు 645 అర్థాలు తేల్చాడు. రోజూ ఇంగ్లీష్‌లోనే మాట్లాడేవాళ్లకు కూడా ఇన్ని అర్థాలు ఉన్నట్టు తెలియదు. వాడేస్తుంటారు, అంతే.

నేను పట్టుకోమనేది ఒక్క కొస. పాత ఇంగ్లీష్‌లో 'సిట్' అంటే కూర్చోవడం, దాని నుంచి పుట్టిన 'సెట్' అంటే కూర్చోబెట్టడం. చేయు, చేయించు లాంటి జత. కూర్చోబెట్టడంలో ఉన్న ఆ 'పెట్టు' చూశారా? దాన్ని పట్టుకుంటే సగం దారి తెలుగే చూపిస్తుంది. అలారం పెట్టడం, ముహూర్తం పెట్టడం, రేటు పెట్టడం, షరతు పెట్టడం, నిప్పు పెట్టడం: అన్నిటికీ ఇంగ్లీష్‌లో సెట్టే.

ముద్దు, పేరు, అన్నం కూడా మనం పెట్టేవే. అక్కడ మాత్రం సెట్ పనికిరాదు. అంటే తెలుగు మాట కూడా తక్కువదేం కాదు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి తెలుగులో మునిగిపోయిన సి.పి. బ్రౌన్ తన తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువును 1852లో అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. 'తెలుగు సింపుల్, ఇంగ్లీషే కష్టం' అనేవాళ్లను నేను అక్కడికి పంపి, ఆ నిఘంటువులో 'పెట్టు' తీసి చూడమంటాను. ఒక్క ఇంగ్లీష్ మాటతో సరిపెట్టడం ఆయన వల్లా కాలేదు.

ఈ 'పెట్టు' కిటుకు ఒక్కోసారి ముంచుతుంది కూడా. జమ్మలమడుగు వైపు రైతు ఒకాయన పొలం కేసులో వచ్చిన ఆర్డర్ కాగితాన్ని నా స్టూడెంటైన కొడుకు చేత చదివించుకున్నాడు. కింది కోర్టు తీర్పును 'సెట్ అసైడ్' చేసినట్టు అందులో ఉంది. "పక్కన పెట్టినారు నాయనా, మళ్ల చూస్తారేమో" అన్నాడు వీడు. డబ్బుల విషయమైతే వాడు చెప్పింది కరెక్టే, సెట్ అసైడ్ అంటే పక్కన పెట్టడమే. తీర్పు విషయంలో అలా కాదు, రద్దు చేయడం. ఆ కింది కోర్టు తీర్పు వీళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. గెలిచిన కేసుకు తండ్రీకొడుకులు రెండు రోజులు దిగులుపడి, మూడో రోజు లాయర్ దగ్గరికి పోతే విషయం తెలిసింది.

అపోహ: తెలుగులో మనం వాడే సెట్, ఇంగ్లీష్ సెట్ ఒకటే.

కొన్నిచోట్ల ఒకటే. పంపుసెట్, సెట్ దోశ, ప్రశ్నపత్రం సెట్-బి, లెక్కల్లో సమితి, ఇవన్నీ 'జట్టు' అనే అర్థంలో సరిపోతాయి. తమాషా ఏమిటంటే ఈ సెట్ పుట్టుకే వేరు. లాటిన్ 'సెక్టా' నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. కూర్చోబెట్టే సెట్‌తో పోనుపోను కలిసిపోయింది.

కలవని చోట్లే ఇంటర్వ్యూల్లో దెబ్బ తగులుతుంది. చొక్కా సెట్ కాలేదు, వాళ్లిద్దరికీ సెట్ కాలేదు, ఉద్యోగం సెట్ అయింది అని తెలుగులో హాయిగా అంటాం. ఇంగ్లీష్‌లో చొక్కాకు 'ఫిట్', మనుషులకు 'గెట్ అలాంగ్', ఉద్యోగానికి 'ఐ గాట్ ఎ జాబ్'. 'ఐ యామ్ ఆల్ సెట్' అంటే నేను రెడీ అని, లైఫ్ సెట్ అయిపోయిందని కాదు.

ఈఏపీసెట్‌లో ఉన్నది ఈ సెట్ కాదు. అది కామన్ ఎంట్రన్స్ టెస్ట్‌కు పొడి అక్షరాలు. ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు కాబట్టి చెబుతున్నా.

అపోహ: జరిగిపోయిన దానికి 'సెట్టెడ్' అనాలి.

వద్దు. కట్, పుట్ లాగే ఇదీ మారదు. మరి ఎప్పటి సంగతో ఎలా తెలుస్తుంది? 'హి సెట్ ది అలారం' అన్నారనుకోండి. రోజూ పెడతాడని చెప్పాలంటే 'సెట్స్' ఉండాలి. ఎస్ లేదు కాబట్టి అయిపోయిన సంగతే. 'ఐ సెట్ ది అలారం' అని ఒక్కటే రాసి నన్నడిగితే మాత్రం నేనూ చెప్పలేను. పక్కన 'ఎస్టర్‌డే' ఉందో 'ఎవ్రీడే' ఉందో చూపించమంటాను.