1,200 డాలర్ల బొమ్మ, 24 లక్షల వేలం, వాటా లేని కుటుంబం

2007 జులైలో సోథబీస్ వేలంలో వర్లుగులాంగ్ అనే పెయింటింగ్ 24 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు పోయింది. అప్పటిదాకా ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రం దేనికీ అంత రేటు పలకలేదు. 1977లో దాన్ని గీసింది క్లిఫర్డ్ పోసమ్ జాపల్జారి. వేలం నాటికి ఆయన పోయి ఐదేళ్లు. అంత డబ్బులో ఆయన కుటుంబానికి చట్టప్రకారం రావాల్సింది ఎంతయ్యా అంటే, సున్నా. ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఎడారిలోకి వెళ్లాలి.

క్లిఫర్డ్ పుట్టింది సుమారు 1932లో, మధ్య ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి వాయవ్యంగా ఉన్న నాపర్బీ స్టేషన్‌లో. స్టేషన్ అంటే రైళ్లు ఆగేది కాదు, తెల్లవాళ్ల చేతిలో ఉన్న పెద్ద పశువుల మేత భూమి. ఆయన అన్మాచెర తెగవాడు. బడికి పోలేదు. గుర్రమెక్కి పశువులను తోలుకుంటూ ఆ నేలంతా తిరిగాడు. ఏ గుట్ట ఏ పూర్వీకుడిది, ఏ నీటి గుంట దగ్గర ఏ కథ జరిగింది అన్నది పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. బొమ్మలు వేయకముందు ఆయనకు పేరు తెచ్చింది చెక్క శిల్పాల పని.

ఇక పపున్యా. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి 240 కిలోమీటర్ల దూరాన ప్రభుత్వం కట్టిన సెటిల్‌మెంట్ అది. ఆదివాసీలను తెల్లవాళ్ల జీవితంలో కలిపేయాలన్న విధానం నడుస్తున్న కాలం కాబట్టి, వేరువేరు తెగలవాళ్లను తెచ్చి ఒకే చోట పెట్టారు. 1971లో అక్కడి బడికి జెఫ్రీ బార్డన్ అనే మాస్టారు వచ్చాడు. ఆయన ప్రోత్సాహంతో పెద్దమనుషులు బడి గోడ మీద తేనె చీమ కథను పెద్ద బొమ్మగా వేశారు, ఆ తర్వాత దొరికిన చెక్కముక్కల మీదల్లా గీయడం మొదలుపెట్టారు. 1972లో కళాకారులే యజమానులుగా పపున్యా టులా అనే కంపెనీ పెట్టుకున్నారు. క్లిఫర్డ్ చేరింది ఆ ఏడాదే, తర్వాత కొన్నేళ్లు దానికి ఛైర్మన్‌గా కూడా ఉన్నాడు. గోడ మీది తేనె చీమ బొమ్మ సంగతంటారా, 1974లో దాని మీద రంగు కొట్టేశారు! ఇప్పుడు అది ఉండుంటే వెల కట్టగలిగేవాళ్లా?

ఈ బొమ్మల్లో అందరికీ ముందు కనిపించేది చుక్కలు. అవి అందం కోసమే కాదు. దీక్ష పొందినవాళ్లు మాత్రమే చూడాల్సిన గుర్తులు మొదట్లో బోర్డుల మీదికి వచ్చేసి సొంతవాళ్లలోనే గొడవ అయ్యింది. బయటివాళ్లు చూడకూడనివి వదిలేయడానికి, కప్పేయడానికి చుక్కలు బాగా పనికొచ్చాయి.

వర్లుగులాంగ్ రెండు మీటర్ల ఎత్తు, దాదాపు మూడు మీటర్ల నలభై సెంటీమీటర్ల వెడల్పు. ఆ నేల మీది చాలా కథల దారులు అందులో ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి, దాన్ని మ్యాప్‌లాగా కూడా చదవొచ్చు. ప్రధాన కథ నిప్పుది. లుంగ్కట అనే బల్లి మనిషికి ఇద్దరు కొడుకులు. కంగారూను వేటాడి, తండ్రికి వాటా పెట్టకుండా వాళ్లే తినేశారు. తండ్రి కోపంతో అడవికి నిప్పంటించాడు, కొడుకులిద్దరూ ఆ మంటల్లో పోయారు. వాటా ఎగ్గొట్టిన కథను గీసిన బొమ్మకే ఈ గతి పట్టడం చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

మొదట దాన్ని 1,200 డాలర్లకు కొన్నది కామన్‌వెల్త్ బ్యాంక్. కొని, సిబ్బందికి శిక్షణ ఇచ్చే చోట క్యాంటీన్‌లో తగిలించింది. 1996లో వేలంలో 36,000 డాలర్లకు ఒక డీలర్ కొన్నాడు. పదకొండేళ్లకు 24 లక్షలు. చివరికి కొన్నది కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ, అందువల్ల బొమ్మ దేశం దాటిపోలేదు.

క్లిఫర్డ్ పేరు తెలియనివాడేం కాదు. 1988లో లండన్‌లో ఆయన ప్రదర్శన జరిగింది, 1990లో ఎలిజబెత్ రాణిని కలిశాడు. పేరు పెరిగేకొద్దీ నకిలీలూ పెరిగాయి. గ్యాలరీల్లో తన పేరుతో వేలాడుతున్న బొమ్మలను చూసి ఇవి నావి కావని స్వయంగా చెప్పాల్సి వచ్చింది, 2001లో ఒక డీలర్‌ను కోర్టు దోషిగా తేల్చింది. 2002 జూన్ 21న, ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా పురస్కారం అందుకోవాల్సిన రోజునే, ఆయన చనిపోయాడు.

ఇది ఈయనొక్కడి కథ కాదు. పపున్యాలో ఆయనతోపాటు గీసిన జానీ వరంగ్కుల 1972లో వేసిన నీటి కథ బొమ్మ దాదాపు 150 డాలర్లకు పోయింది. అదే బొమ్మకు 1997లో 2,06,000 డాలర్లు, 2000లో 4,86,500 డాలర్లు వచ్చాయి. అప్పటికి జానీ బతికే ఉన్నాడు, పేదరికంలో. ఆ రెండు అమ్మకాల్లోనూ ఆయనకు చట్టం ఇచ్చిన హక్కేమీ లేదు.

బొమ్మ మళ్లీ అమ్ముడైనప్పుడు దాన్ని గీసినవాళ్లకు వాటా ఇచ్చే హక్కు ఫ్రాన్స్‌లో 1920 నుంచే ఉంది. మన దేశంలో కూడా కాపీరైట్ చట్టం 53ఏ సెక్షన్ ఉంది, 1994 సవరణతో వచ్చింది, కాకపోతే ఆచరణలో దాని ఊసు పెద్దగా వినపడదు. ఆస్ట్రేలియాలో చట్టం 2009లో వచ్చి, 2010 జూన్ 9 నుంచి అమలైంది. డీలర్లు, గ్యాలరీలు, వేలం సంస్థల ద్వారా వెయ్యి డాలర్లు, ఆపైన జరిగే మారు అమ్మకాల్లో 5 శాతం కళాకారుడికి, ఆయన పోయాక డెబ్బై ఏళ్లపాటు వారసులకు.

మెలిక ఒకటుంది. చట్టం అమల్లోకి రాకముందే కొన్న బొమ్మ అయితే, ఆ తర్వాత జరిగే మొదటి అమ్మకానికి ఈ 5 శాతం వర్తించదు, రెండోదాని నుంచే లెక్క. అంటే 70లలో చవగ్గా కొని దాచుకున్నవాళ్లు ఒకసారి అమ్ముకుని లాభం మొత్తం తీసుకోవచ్చు. వర్లుగులాంగ్ విషయంలోనైతే ఆ ప్రశ్న కూడా రాదు, నేషనల్ గ్యాలరీ దాన్ని మళ్లీ అమ్మే మాటే ఉండదు కదా. క్లిఫర్డ్ వారసులకు ఏదైనా వస్తే ఆయన మిగతా బొమ్మలు చేతులు మారినప్పుడు రావాలి, అదీ 2072 దాకానే.