గంజాం తీరంలో పొలం సర్వే ఎందుకు పనికిరాదు

ఊరికి అడ్డంగా ఒక దారి పట్టి నడుస్తూ, నేల, పంట, నీరు ఎక్కడ మారితే అక్కడ రాసుకోవడం సత్వర గ్రామీణ పరిశీలనలో (కొద్ది రోజుల్లో ఊరివాళ్లతోనే ఊరి సంగతి తెలుసుకునే ‘రాపిడ్ రూరల్ అప్రైజల్’ పద్ధతిలో) మొదటి పని. ఒడిశాలోని గంజాం జిల్లా చేపలరేవులు గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపూర్‌లలో ఆ నడక అలల దగ్గర ఆగిపోతుంది. బతుకుతెరువు మొదలయ్యేదే అక్కడ.

ఈ పద్ధతి 1970ల చివర ఇంగ్లండ్‌లోని ససెక్స్ సమావేశాల్లో రూపుదిద్దుకుంది. రాబర్ట్ ఛాంబర్స్ వంటి గ్రామీణాభివృద్ధి పరిశోధకులకు రెండు ఫిర్యాదులుండేవి: ప్రశ్నావళి సర్వేలు తెమలవు, అధికారులు రోడ్డు పక్క ఊళ్లే చూసి వెళ్తారు. పద్ధతి పదునెక్కింది మాత్రం రైతుల మధ్యే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మొదలుపెట్టి మద్రాసు కేంద్రంగా నడిపిన బంగాళాఖాత కార్యక్రమం (చిన్న మత్స్యకారుల కోసం) దీన్ని చేపలరేవులకు తెచ్చి, 1993లో తీరప్రాంతాల కోసం ఒక కరదీపిక వెలువరించింది.

మార్చాల్సింది ముందుగా పటం. కాగితం ఇచ్చి సముద్రం గీయమంటే ఎవరూ గీయరు. తడి ఇసుకమీద ఒడ్డుగీత గీసి, దానికి సమాంతరంగా 5, 10, 20 బారల లోతు గీతలు గీయాలి. వేటగాడి లెక్క కిలోమీటర్లలో కాదు, బారల్లో. బార అంటే చాచిన రెండు చేతుల పొడవు. ఒడ్డున లైట్‌హౌసు, గుడి, కొండ గుర్తులు పెట్టాక, ఏ చేప ఎక్కడ దొరుకుతుందో చూపడానికి కవళ్లకు గవ్వ, చందువలకు చింతపిక్క, కోనాంకు ఆకు పెట్టించాలి. ఎవరు ఏ నెలలో ఎక్కడ ఏ వల వేస్తారో అప్పుడు వాళ్లే వాదించుకుంటూ చెబుతారు. పోటు రాకముందే కాగితంమీదికి ఎత్తుకోవాలి, లేకపోతే పటమంతా నీళ్లపాలు.

తర్వాత వేళ. పదకొండింటికి వెళ్తే రాత్రి వేటకెళ్లొచ్చినవాళ్లు నిద్రలో ఉంటారు, ఆడవాళ్లు గంపలతో పల్లెలకు పోయి ఉంటారు. తెల్లవారి పడవలు దిగేటప్పుడు ఒకసారి, సాయంత్రం వలలు బాగుచేసేటప్పుడు ఒకసారి వెళ్లాలి. ఆడవాళ్లతో వేరుగా, వాళ్ల ఇంటిభాష తెలుగులో మాట్లాడాలి. ఒడియా ఫారంలో అన్నీ ఒక్క మాటకే కుదించిన వలలకు ఇక్కడ నాలుగు పేర్లుంటాయి.

‘నెల ఆదాయమెంత’ అన్న ప్రశ్న దండగ. నిన్నటి వేట ఒక్కటే తీసుకుని, ఆయిలు, ఐసు, వేలంలో పలికిన ధర, షావుకారు అప్పు కింద పట్టుకున్నది, పడవకు, వలకు, ఇంజనుకు, మనిషికి వచ్చిన వాటాలు వరసగా అడగాలి.

వల కన్ను సైజు మాత్రం చివరి రోజుకు ఉంచుకోవాలి. రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ల కోసం తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో వల సంగతి అడిగినవాడు ఎవరైనా సరే, వాళ్ల కంటికి ఫారెస్టువాడే.