గేములో కుదిరిన గురి ఫీల్డులో ఎందుకు తప్పుతుంది? ఎయిర్‌సాఫ్ట్ అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం మళ్ళీ అదే మాట విన్నాను. డాలస్ దగ్గర మేం ఎయిర్‌సాఫ్ట్ (ప్లాస్టిక్ గుళ్ళు పేల్చే తుపాకులతో ఆడే ఉత్తుత్తి యుద్ధం) ఆడే ఫీల్డుకి కొత్తగా వచ్చిన కుర్రాడు, "అన్నా, ఆర్మా 3లో నాకు 1,800 గంటలున్నాయి, స్నైపర్ పని నాకే ఇవ్వండి" అన్నాడు. ఆర్మా 3 అంటే కంప్యూటర్‌లో ఆడే యుద్ధం గేము. చేతిలో 600 డాలర్లు పెట్టి కొన్న బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకీ చేత్తో బోల్టు లాగాల్సిన తుపాకీ), దాని మీద పెద్ద స్కోపు. మధ్యాహ్నానికి ముఖం మాడిపోయింది. "వాళ్ళు చీటింగ్ చేస్తున్నారన్నా, కొట్టినా హిట్ ఒప్పుకోవట్లేదు" అంటూ వచ్చాడు.

ఆరేళ్ళుగా మన తెలుగు కుర్రాళ్ళతో టీము నడుపుతున్నాను. గురువారం రాత్రి గేములో ప్రాక్టీసు, ఆదివారం ఫీల్డులో ఆట. గేము పనికిరాదని నేనెప్పుడూ అనను. కానీ గేము ఆడితే గురి కుదురుతుందన్న అపోహ వల్ల పోయే డబ్బు, చెడే స్నేహాలు చూసి చూసి ఇది రాస్తున్నాను.

ఆ కుర్రాడి పక్కన పడుకుని బైనాక్యులర్‌తో చూశాను. తెల్లటి బీబీ, అంటే ప్లాస్టిక్ గుండు, నేరుగా వెళ్ళింది, హాప్-అప్ (తుపాకీలో బీబీని వెనక్కి తిప్పే భాగం) ఇచ్చిన తిరుగుడుకి కొంచెం పైకి తేలింది, తర్వాత ఊపిరి పోయినట్టు నెమ్మదించి, ఎదుటివాడు దాక్కున్న ఓక్ చెట్టుకి పదడుగుల ముందే ఎండుటాకుల్లో పడిపోయింది. స్కోపులో మాత్రం వాడి ఛాతీ మీదే గురి ఉంది. అవతలివాడికి ఏదీ తగల్లేదు, ఇక ఏం ఒప్పుకుంటాడు?

గేములో రైఫిల్ గుండు అసలు తుపాకీ లెక్కలో పోతుంది, అంటే సెకనుకి దాదాపు 900 మీటర్లు. మన 0.20 గ్రాముల ప్లాస్టిక్ బీబీ 350 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు) దగ్గర సెకనుకి సుమారు 107 మీటర్లే, శక్తి 1.14 జౌల్స్. బారెల్ దాటగానే గాలి దాన్ని ఆపడం మొదలుపెడుతుంది. యాభై మీటర్లు దాటితే మంచి తుపాకీకి కూడా కష్టమే. ఫీల్డువాళ్ళు క్రోనో చేసి (బీబీ వేగం కొలిచి) అందరినీ దాదాపు ఒకే పరిమితిలో ఉంచుతారు. బోల్ట్ యాక్షన్‌కి కాస్త ఎక్కువ ఇచ్చినా, దగ్గరివాణ్ణి కాల్చకూడదని కనీస దూరం పెడతారు. కాబట్టి గేములోలాగా తుపాకీ మారిస్తే మూడింతలు దూరం పోవడం ఇక్కడ జరగదు. తేడా చూపించేది బీబీ బరువు, హాప్-అప్ సెట్టింగు. ఆ కుర్రాడు 600 డాలర్ల తుపాకీలో 0.20 బీబీలు పోశాడు. బరువైనవి ఇచ్చి హాప్-అప్ సరిచేశాక నలభై మీటర్లలో తగలడం మొదలైంది.

ఇంకో విషయం. గేములో తగిలిందో లేదో కంప్యూటరే చెప్తుంది. ఇక్కడ తగిలినవాడే చెయ్యెత్తి "హిట్" అనాలి, ఆట మొత్తం ఆ నమ్మకం మీదే నడుస్తుంది. తగిలిందని గేము తెర మీద చూపించే హిట్ మార్కర్‌కి అలవాటుపడ్డవాడు, తన బీబీ చేరలేదేమో అని ఆలోచించకుండా అవతలివాణ్ణి దొంగ అనేస్తాడు. ఇలాంటి గొడవలో మా టీములో ఇద్దరు ప్రాణస్నేహితులు ఏడాదిపాటు మాట్లాడుకోలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

"ఆర్మీయే గేములతో ట్రైనింగ్ ఇస్తుంది కదా" అని అడుగుతారు. ఇస్తుంది, కానీ దేనికి? 1996లో అమెరికా మెరైన్లు తమ క్వాంటికో స్థావరంలో డూమ్ 2 అనే తుపాకీ గేముని మార్చి మెరైన్ డూమ్ చేసుకున్నారు. నలుగురుండే ఫైర్ టీము ఒకరినొకరు కాచుకుంటూ కదలడం, తూటాలు పొదుపుగా వాడటం, తొందరలో నిర్ణయం తీసుకోవడం దాని ఉద్దేశం. గురికి వాళ్ళ రైఫిల్ రేంజి వాళ్ళకుంది. 2002లో అమెరికా సైన్యమే విడుదల చేసిన అమెరికాస్ ఆర్మీ గేముని చూపిస్తారు కొందరు. అది ముఖ్యంగా యువతను సైన్యం వైపు ఆకర్షించడానికి చేసింది.

మాకు గేము నేర్పింది మాట్లాడటం. మొదటి ఏడాది ఫీల్డులో మా రేడియో అంతా "ఎడమ పక్క! ఎడమ పక్క!", "అక్కడ్రా, అక్కడ!" ఎవరి ఎడమ? ఎక్కడ? ఒకసారి ఎనిమిది మందిమీ నాలుగు వైపులకి తిరిగాం, అవతలివాళ్ళు నింపాదిగా నడుచుకుంటూ వచ్చి అందరినీ కొట్టేశారు. మా అమ్మమ్మ "దక్షిణపు గోడ దగ్గర బిందె ఉంది, తీసుకురా" అనేది, ఎప్పుడూ కుడి ఎడమలు చెప్పేది కాదు. ఆ పద్ధతే ఆర్మాలో మొదలుపెట్టాం. ముందు దిక్కు, తర్వాత దూరం, తర్వాత గుర్తు: "ఉత్తరం, ముప్పై మీటర్లు, నీలం డ్రమ్ము వెనక ఇద్దరు." సర్వర్ సెట్టింగుల్లో మ్యాప్ మార్కర్లు, థర్డ్ పర్సన్ వ్యూ (మన మనిషిని వెనక నుంచి చూపించేది) తీసేస్తాం. లీడర్ తుపాకీ పేల్చకూడదు, మాట్లాడటమే వాడి పని. మిషన్ అయ్యాక పది నిమిషాలు ఎవరు ఏం చూశారు, ఏం చెప్పారు, పక్కవాడికి ఏం వినిపించింది అని మాట్లాడుకుంటాం. రేడియో బటన్ నొక్కి అరసెకను ఆగాకే నోరు తెరవాలి, లేకపోతే మొదటి మాట మింగేస్తుంది. ఆ "ఉత్తరం" పోతే మిగిలినదంతా వృథా.

స్క్వాడ్ అనే గేము కూడా దీనికి బాగుంటుంది, ఒక్కో దళంలో తొమ్మిది మంది వరకు ఉండొచ్చు. పోలీసు దళంగా ఆడే రెడీ ఆర్ నాట్ గేములో గుమ్మం దగ్గర ఎవరు ముందు, ఎవరు ఏ మూల చూడాలో అర్థమవుతుంది, కానీ కాళ్ళకి రావాలంటే నిజం గుమ్మంలో నడవాల్సిందే. పొద బీబీని అడ్డుకోదు అనుకుని గేములోలాగా ఆకుల్లోంచి కాల్చకండి, ఆకులు బీబీని ఆపేస్తాయి. దాక్కోవడానికి పలచటి ప్లైవుడ్ చాలదని భయపడకండి, చాలు. ఖరీదైన కంప్యూటర్ ఉంటేనే ప్రాక్టీసు అన్నది వట్టి మాట.

గేములో అద్దానికి ఆవిరి పట్టదు. ఫీల్డులో పడుతుంది. తుడుచుకుందామని ఒక్క క్షణం గాగుల్స్ ఎత్తేవాళ్ళను చూస్తే నాకు గుండె ఆగుతుంది. జెడ్87.1 రేటింగ్ (కళ్ళ రక్షణకి అమెరికా ప్రమాణం) ఉన్నవే పెట్టుకోండి, ఏమీ కనిపించకపోతే ఆట వదిలేసి సేఫ్ జోన్‌కి రండి. గేములో చచ్చినవాడు మళ్ళీ పుట్టినట్టు కన్ను రీస్పాన్ అవదు.

పిల్లవాడు తుపాకీ గేములాడి ఇప్పుడు ఈ తుపాకీ కూడా కొన్నాడని అమ్మలు టెన్షన్‌తో ఫోన్ చేస్తుంటారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. వాట్సాప్‌లో తిరిగే పుకార్లు పక్కన పెట్టండమ్మా, ఒకసారి మీరే ఫీల్డుకి వచ్చి చూడండి. మీరు నిజంగా పట్టుబట్టాల్సింది ఒకటుంది. 2014లో క్లీవ్‌లాండ్‌లో పన్నెండేళ్ళ పిల్లవాడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో ఉంటే, నిజం తుపాకీ అనుకుని పోలీసు కాల్చేశాడు. ఆ పిస్తోలుకి, నిజం తుపాకీ కాదని తెలిపే నారింజ రంగు మూతి తీసేసి ఉంది. మీవాడి తుపాకీకి ఆ రంగు తీయనివ్వకండి. ఇంట్లోంచి బ్యాగులో పెట్టి జిప్పు వేసి కారు డిక్కీలోకి, డిక్కీలోంచి ఫీల్డులోకి. ఇంటి ముందు, పార్కింగులో, ఫ్రెండ్‌కి చూపించడానికైనా సరే, బయటికి తీయకూడదు.