హెచ్‌ఐవీ ఉపరకాల వాదం: అసలు మలుపు రకాయ్‌లో

నెదర్లాండ్స్‌లో హెచ్‌ఐవీ జన్యుపరమైన ఉపరకాల్లో ఒకటైన ‘బి’ నుంచి మరింత తీవ్రమైన ‘వీబీ’ అనే రూపం పుట్టి వ్యాపించిందని 2022 ఫిబ్రవరిలో పరిశోధకులు ప్రకటించాక పాత వాదం మళ్లీ తలెత్తింది. జబ్బు ముదిరే వేగాన్ని నిర్ణయించేది వైరస్ జన్యువులా, రోగి పరిస్థితులా అన్నదే ఆ వాదం. దీనికి అసలు మలుపు ఐరోపాలో కాక ఉగాండాలోని రకాయ్ జిల్లాలో వచ్చింది.

1999లో వెలువడిన రెండు అధ్యయనాలు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి. ‘ఎ’ కాని ఉపరకాలు సోకిన స్త్రీలకు ఎయిడ్స్ వచ్చే అవకాశం 8 రెట్లు ఎక్కువని సెనెగల్ అధ్యయనం చెప్పగా, ఉపరకాల మధ్య తేడా కనిపించలేదని స్వీడన్ అధ్యయనం తేల్చింది. ఆస్పత్రికి వచ్చిన రోగికి వైరస్ ఎప్పుడు సోకిందో సాధారణంగా తెలియదు. మొదలు తెలియనిదే వేగాన్ని కొలవడం కష్టం.

రకాయ్‌లో ఆ చిక్కు చాలావరకు తీరింది. పరిశోధకులు ఏళ్ల తరబడి ఇంటింటికీ వెళ్లి రక్తం పరీక్షించడంతో ఎవరికి ఏ కాలంలో వైరస్ సోకిందో దాదాపుగా తెలిసింది. ‘ఎ’, ‘డి’ ఉపరకాలు రెండూ అవే పల్లెల్లో, అదే తిండి తినే, అదే వైద్యం అందే మనుషుల మధ్య తిరుగుతున్నాయి. 1995–2001 మధ్య వైరస్ సోకినవారిని గమనించగా, ఎయిడ్స్ దశకు చేరే మధ్యగత కాలం (సగం మంది ఆ దశకు చేరేందుకు పట్టిన కాలం) ‘ఎ’ సోకినవారిలో 8 ఏళ్లు, ‘డి’ సోకినవారిలో 6.5 ఏళ్లు అని 2008లో ప్రచురించారు. వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఆ జిల్లాకు ఇంకా చేరని రోజుల లెక్క ఇది, ఆ ఏడాదిన్నర తేడా ప్రాణాలతో కొలిచినది. కణంలోకి చొరబడేందుకు సీఎక్స్‌సీఆర్4 అనే ద్వారాన్ని వాడుకునే శక్తి ‘డి’ వైరస్‌లలో ఎక్కువగా కనిపించడం ఇందుకు ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

మనిషి జన్యువులు, క్షయ, పేదరికం వంటివే ముఖ్యమనే పక్షం చెప్పేదీ కొట్టివేయదగినది కాదు. కానీ ఒకే పల్లెలో ‘ఎ’ సోకినవారికీ ‘డి’ సోకినవారికీ ఉమ్మడిగా ఉన్న కారణాలు ఆ తేడాను వివరించలేవు.

నెదర్లాండ్స్ పరిశోధన ఇంకో మెట్టు ఎక్కింది. ఒకే ఉపరకం లోపల కూడా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) 3.5 నుంచి 5.5 రెట్లు పెరగవచ్చనీ, రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 కణాలు రెట్టింపు వేగంతో తగ్గవచ్చనీ చూపింది. మందులు మొదలుపెట్టాక మాత్రం వీబీ రోగులు కూడా ఇతరుల మాదిరిగానే కోలుకున్నారు.

తెలుగు రాష్ట్రాలు సహా భారతదేశంలో అత్యధికం ‘సి’ ఉపరకమే కాబట్టి, రెండు ఉపరకాలను ఒకే ఊళ్లో పక్కపక్కన పోల్చే వీలు ఇక్కడ లేదు. పైగా 2017 నుంచి సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా, వైరస్ ఉందని తేలిన ప్రతివారికీ ప్రభుత్వం ఏఆర్‌టీ అందిస్తోంది కాబట్టి, మందులు లేకుండా జబ్బు ముదిరే వేగాన్ని కొలిచే వీలూ లేదు.