డెట్రాయిట్ లయన్స్: వీరులకి కొదవ లేదు, విజయాలకే కరువు

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ ఆఖరిసారి చాంపియన్లయ్యేనాటికి సూపర్ బౌల్ అనే లీగ్ ఫైనలే పుట్టలేదు. 1957 డిసెంబర్ 29న సొంతూళ్లోని బ్రిగ్స్ స్టేడియంలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ని 59-14తో చిత్తు చేశారు. అంతే, మళ్లీ టైటిల్ లేదు. వాళ్ల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లుంటే సూపర్ బౌల్ గడప తొక్కనివి నాలుగే. వాటిలో జాక్సన్‌విల్, హ్యూస్టన్ జట్లు 1995లోనూ ఆ తర్వాతా వచ్చినవి. పాతకాలం జట్లలో ఆ దురదృష్టం బ్రౌన్స్‌ది, లయన్స్‌ది.

అలాంటి జట్టు 2023లో 12-5తో (12 గెలుపులు, 5 ఓటములు), 2024లో 15-2తో సీజన్ ముగించింది. డెట్రాయిట్ శివార్లు ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలోనూ ఆదివారం మధ్యాహ్నాలు నీలం జెర్సీలు కనిపించేది ఇందుకే. అయితే ఈ ఆశ ఇంత గట్టిగా ఎందుకుందో తెలియాలంటే అంతకుముందు ఎంత నీరసం ఉండేదో తెలియాలి.

ఈ జట్టు పుట్టింది డెట్రాయిట్‌లో కాదు. ఒహాయోలోని పోర్ట్స్‌మౌత్ అనే చిన్న ఊళ్లో స్పార్టన్స్ పేరుతో 1930లో లీగ్‌లో చేరింది. ఆర్థిక మాంద్యంలో ఆ ఊరు జట్టుని మోయలేకపోయింది. డెట్రాయిట్ రేడియో స్టేషన్ యజమాని జార్జ్ రిచర్డ్స్ 1934లో కొని తీసుకొచ్చాడు. బేస్‌బాల్ తప్ప మరో ఆట పట్టని నగరంలో జనాన్ని రప్పించడానికి థాంక్స్‌గివింగ్ పండుగ రోజున చికాగో బేర్స్‌తో మ్యాచ్ పెట్టి, రేడియోలో దేశమంతా వినిపించాడు. ఓడిపోయారు కానీ స్టేడియం నిండింది. థాంక్స్‌గివింగ్ రోజు లయన్స్ మ్యాచ్ ఇవాళ్టికీ ఆనవాయితీ. మరుసటి ఏడాదే, 1935లో, తొలి టైటిల్.

అసలు వైభవం 1950లది. 1952, 1953, 1957, ఆరేళ్లలో మూడు టైటిళ్లు. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) బాబీ లేన్ రాత్రిళ్లు పార్టీలు, పగళ్లు గెలుపులు అన్న మనిషి. లైన్‌బ్యాకర్ జో ష్మిట్, డిఫెన్స్‌లో జాక్ క్రిస్టియన్‌సెన్, యేల్ లారీ, అందరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లినవాళ్లే. 1957 సీజన్ మొదలవకముందే కోచ్ బడ్డీ పార్కర్ ఒక విందులో మైకు ముందు నిలబడి రాజీనామా చేసి పోయాడు. చివర్లో లేన్ కాలు విరిగింది. అయినా ఆగలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫార్టీనైనర్స్‌తో జరిగిన ప్లేఆఫ్‌లో సగం ఆటకి 24-7తో వెనకబడి, బదులు క్వార్టర్‌బ్యాక్ టోబిన్ రోట్‌తో 31-27తో గెలిచారు. ఈ 24-7 అంకెని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మరుసటి సీజన్ మొదట్లోనే, 1958 అక్టోబర్‌లో, లేన్‌ని పిట్స్‌బర్గ్‌కి పంపేశారు. పోతూ పోతూ ‘యాభై ఏళ్లు గెలవరు’ అని శపించాడని కథ. నిజంగా అన్నాడో లేదో కానీ, లెక్క మాత్రం ఒళ్లు జలదరించేలా కుదిరింది. సరిగ్గా యాభై ఏళ్లకి, 2008లో, లయన్స్ 16 మ్యాచ్‌లకి 16 ఓడారు. ఆ ఓటములకి ఫలితంగా దక్కిన డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడం) తొలి అవకాశంతో తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్ చదివింది డాలస్ పక్కనున్న హైలాండ్ పార్క్ హైస్కూల్లో. బాబీ లేన్ చదివిందీ అక్కడే. శాపాలు నమ్మేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? నాకు మాత్రం కారణాలు మైదానంలో కన్నా మేనేజ్‌మెంట్ గదుల్లోనే ఎక్కువ కనిపిస్తాయి.

హెన్రీ ఫోర్డ్ మనవడు విలియం క్లే ఫోర్డ్ 45 లక్షల డాలర్లకి జట్టుని కొన్నాడు. బేరం ఖాయమైంది 1963 నవంబర్ 22న, కెనెడీ హత్య జరిగిన రోజున. 2014లో చనిపోయేదాకా ఆయనే యజమాని. మంచివాడనీ, ఉద్యోగులని అంత తేలిగ్గా తీసేయడనీ పేరు. ఆ మంచితనమే జట్టు కొంప ముంచిందని అభిమానులు ఇప్పటికీ అంటారు. యాభై ఏళ్లలో ఆయన చూసిన ప్లేఆఫ్ విజయం ఒక్కటంటే ఒక్కటి.

ఆ మధ్యలో గొప్ప ఆటగాళ్లు లేరా అంటే బోలెడుమంది. లెమ్ బార్నీ 1967లో తొలి సీజన్‌లోనే పది ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి విసిరిన బంతులు) పట్టాడు. డిఫెన్స్ లైన్‌లో అలెక్స్ కారస్, ఎనభైలలో బిల్లీ సిమ్స్. అదృష్టం మాట మాత్రం ఎత్తకండి. 1970లో న్యూ ఓర్లీన్స్ కిక్కర్ టామ్ డెంప్సీ 63 గజాల ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ కమ్మీల మధ్యలోంచి తన్నడం) అప్పటి రికార్డు కొట్టింది లయన్స్ మీదే, స్కోరు 19-17. 2021లో బాల్టిమోర్ కిక్కర్ జస్టిన్ టక్కర్ 66 గజాలతో అప్పటికి కొత్త రికార్డు పెట్టిందీ లయన్స్ మీదే. అదీ ఆఖరి క్షణంలో, బంతి అడ్డకమ్మీకి తగిలి మరీ లోపల పడింది. స్కోరు? మళ్లీ 19-17.

ఇక బ్యారీ శాండర్స్. 1989లో వచ్చిన ఈ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. చుట్టుముట్టిన నలుగురి మధ్యలో ఒక్కసారి ఆగి, వెనక్కి తిరిగి, ఎటు పోయాడో వాళ్లకి అర్థమయ్యేలోపు పాతిక గజాలు దాటిపోయేవాడు. టచ్‌డౌన్ చేశాక (బంతిని ప్రత్యర్థి గీత దాటించాక) గంతులు, డాన్సులు ఉండవు. బంతి తీసుకెళ్లి రెఫరీ చేతిలో పెట్టి వచ్చేసేవాడు. ఆడిన పదేళ్లలో ఏ ఏడాదీ వెయ్యి గజాలకి తగ్గలేదు. 1997లో 2,053. మొత్తం 15,269. అప్పటి ఆల్‌టైమ్ రికార్డు వాల్టర్ పేటన్‌ది, 16,726. మరో ఏడాది ఆడితే చాలు. కానీ 1999 జూలైలో, 31 ఏళ్లకే, సొంతూరు విచిటాలోని పత్రికకి ఫ్యాక్స్ పంపి రిటైరైపోయాడు. ప్రెస్ మీట్ లేదు, వీడ్కోలు మ్యాచ్ లేదు. ఓటములతో విసిగిపోయానని తర్వాత తనే చెప్పాడు. జట్టు బోనస్ డబ్బు తిరిగి ఇమ్మంది.

ఆ యాభై ఏళ్లలోని ఒకే ఒక్క ప్లేఆఫ్ గెలుపూ శాండర్స్ కాలందే. 1991 నవంబర్‌లో సహచరుడు మైక్ అట్లీ మైదానంలోనే వెన్నుకి దెబ్బ తగిలి నడక కోల్పోయాడు. స్ట్రెచర్ మీద వెళ్తూ బొటనవేలెత్తి చూపించాడు. ఆ తర్వాత సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఓడకుండా వచ్చిన లయన్స్, 1992 జనవరి 5న డాలస్‌ని 38-6తో ఓడించారు. వారం తిరిగేసరికి వాషింగ్టన్ చేతిలో 41-10.

2001లో టీవీ కామెంటేటర్‌గా ఉన్న మ్యాట్ మిల్లెన్‌కి జట్టు పగ్గాలు అప్పగించారు. జట్టుని నడిపిన అనుభవం ఆయనకి లేదు. 2003, 2004, 2005, 2007 డ్రాఫ్టుల్లో మొదటి రౌండ్‌లో తీసుకున్నది రిసీవర్లనే. బంతి అందుకునేవాళ్లని పోగేస్తూ పోతే విసిరేవాడిని కాపాడేది ఎవరు? 2008 సెప్టెంబర్‌లో పంపించేసేనాటికి ఆయన లెక్క 31 గెలుపులు, 84 ఓటములు. ఆ సీజన్లోనే క్వార్టర్‌బ్యాక్ డాన్ ఒర్లోవ్‌స్కీ మిన్నెసోటా ఆటగాడిని తప్పించుకుంటూ, వెనకున్న గీత దాటేశానన్న సంగతి కూడా తెలియకుండా పరుగెత్తి, ప్రత్యర్థికి రెండు పాయింట్లు ఇచ్చాడు. ఆ మ్యాచ్ రెండు పాయింట్ల తేడాతోనే పోయింది, 12-10.

మిల్లెన్ మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆఖరి రిసీవర్ మాత్రం బంగారం. కాల్విన్ జాన్సన్ 2012లో 1,964 గజాల రికార్డు సృష్టించాడు. తొమ్మిదేళ్లు ఆడి, ఒంట్లో శక్తి ఉడిగి, ప్లేఆఫ్ గెలుపు రుచి చూడకుండానే 2016లో తప్పుకున్నాడు. అతని దగ్గరా పది లక్షల డాలర్లకి పైగా వెనక్కి తీసుకున్నారు! శాండర్స్ ఉదంతం చూశాక కూడా. ఆ తర్వాత స్టాఫర్డ్. పన్నెండు సీజన్లు ఆడాక 2021లో తనని పంపేయమని తనే అడిగాడు. లాస్ ఏంజిలిస్ రామ్స్‌కి వెళ్లిన తొలి సీజన్లోనే సూపర్ బౌల్ గెలిచాడు. డెట్రాయిట్‌లో ఆ రాత్రి సంతోషపడ్డవాళ్లూ ఉన్నారు, గుండె కలుక్కుమన్నవాళ్లూ ఉన్నారు.

మలుపు తిరిగింది మాత్రం స్టాఫర్డ్‌ని పంపిన ఆ బేరంతోనే. 2020లో విలియం క్లే ఫోర్డ్ కూతురు షీలా హాంప్ పగ్గాలు చేపట్టారు. ఆ నవంబర్‌లోనే కోచ్‌ని, మేనేజర్‌ని ఇంటికి పంపారు. తండ్రి అంత త్వరగా చేసుండేవాడు కాదు. కొత్త మేనేజర్ బ్రాడ్ హోమ్స్, కోచ్ డాన్ క్యాంప్‌బెల్. 2008 నాటి ఆ జట్టులో క్యాంప్‌బెల్ కూడా ఆటగాడే. మొదటి ప్రెస్ మీట్లో, మమ్మల్ని పడేస్తే లేచేటప్పుడు మీ మోకాలిచిప్ప కొరికి మరీ లేస్తాం అన్నాడు. దేశమంతా నవ్వింది. స్టాఫర్డ్‌కి బదులుగా క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌తో పాటు రెండు మొదటి రౌండ్ అవకాశాలు వచ్చాయి. ఆ అవకాశాలని హోమ్స్ అటూ ఇటూ తిప్పి జేమ్సన్ విలియమ్స్, జమీర్ గిబ్స్, శామ్ లపోర్టాలని తెచ్చాడు. 2021లో నాలుగో రౌండ్ దాకా ఎవరూ అడగని అమోన్-రా సెయింట్ బ్రౌన్‌ని పట్టాడు. తనకన్నా ముందు ఎంపికైన 16 మంది రిసీవర్ల పేర్లు అతనికి ఇప్పటికీ కంఠతా వచ్చు.

ఫలితం వెంటనే రాలేదు. మొదటి ఏడాది 3-13-1 (చివరిది టై). రెండో ఏడాది 1-6తో మొదలై 9-8 దాకా లేచారు. 2023లో ముప్పై ఏళ్ల తర్వాత తమ డివిజన్ (నాలుగు జట్ల విభాగం) గెలిచారు. 2024 జనవరి 14న ఫోర్డ్ ఫీల్డ్‌కి ప్లేఆఫ్ ఆడటానికి వచ్చింది ఎవరు? రామ్స్‌తో స్టాఫర్డ్. పన్నెండేళ్లు చప్పట్లు కొట్టిన జనమే గోల చేసి వెక్కిరించారు. రామ్స్ వద్దనుకున్న గాఫ్ పేరుని స్టేడియమంతా పాటలా అందుకుంది. 24-23 ఆధిక్యం, రెండు నిమిషాల టెన్షన్. గాఫ్ సెయింట్ బ్రౌన్‌కి విసిరిన 11 గజాల పాస్‌తో ఇక బంతి స్టాఫర్డ్ చేతికి వెళ్లే దారి మూసుకుపోయింది. 32 ఏళ్ల తర్వాత ఒక ప్లేఆఫ్ గెలుపు.

రెండు వారాలకి ఫార్టీనైనర్స్‌తో కాన్ఫరెన్స్ ఫైనల్ (గెలిస్తే సూపర్ బౌల్‌కే). సగం ఆటకి స్కోరు 24-7. ఈసారి ముందున్నది లయన్స్. ఆ తర్వాత డిఫెండర్ హెల్మెట్‌కి తగిలిన బంతి ఎగిరి వెళ్లి ప్రత్యర్థి రిసీవర్ చేతిలో పడింది. ఫీల్డ్ గోల్ కొట్టకుండా క్యాంప్‌బెల్ రెండుసార్లు చేసిన సాహసం బెడిసికొట్టింది. 34-31. 1957లో ఇచ్చిన దెబ్బ 66 ఏళ్లకి అదే జట్టు చేతిలో తిరిగి తగిలింది.

2024లో 15 గెలుపులతో కాన్ఫరెన్స్‌లో అగ్రస్థానంలో నిలిచి, మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే వాషింగ్టన్ చేతిలో సొంతగడ్డ మీద 45-31తో ఓడారు. ఆడాల్సినవాళ్లలో చాలామంది గాయాలతో ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నారు. మిషిగన్‌లోనే పుట్టి పెరిగిన డిఫెండర్ ఏడన్ హచిన్‌సన్ కాలు అక్టోబర్‌లోనే విరిగింది. కోచ్‌కి కుడి, ఎడమ భుజాల్లాంటి బెన్ జాన్సన్, ఆరన్ గ్లెన్ వేరే జట్లకి హెడ్ కోచ్‌లుగా వెళ్లిపోయారు.

అయినా అభిమానులు పాత పాట పాడటం లేదు. ఎందుకంటే మారింది స్కోర్లు మాత్రమే కాదు. 2023లో శాండర్స్ విగ్రహం స్టేడియం బయట వెలిసింది, కాల్విన్ జాన్సన్‌తో రాజీ కుదిరింది. 2024 ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ చూడటానికి డెట్రాయిట్ నడిబొడ్డుకి ఏడున్నర లక్షల మందికి పైగా వచ్చారు. ఆ వారంలోనే సెయింట్ బ్రౌన్, పెనై సూవెల్ కొత్త ఒప్పందాలు చేసుకున్నారు. మే నెలలో గాఫ్ నాలుగేళ్లకి 21.2 కోట్ల డాలర్లకి సంతకం పెట్టాడు. శాండర్స్, జాన్సన్, స్టాఫర్డ్ ముగ్గురూ తమంతట తామే వెళ్లిపోయిన జట్టులో ఇప్పుడు మేటి ఆటగాళ్లు ఉండిపోతామంటున్నారు.