పిల్లిపెసర: అపోహలు - వాస్తవాలు

ఇంటర్నెట్‌లో పసుపు పూల క్లోవర్ (పప్పుజాతి మేత మొక్క) ఫొటోలు చూసి, "ఈ విత్తనం ఎక్కడ దొరుకుతుంది సార్?" అని అడిగే రైతులు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆ ఫొటోల్లో ఉండేది చాలావరకు స్వీట్ క్లోవర్. చలి ప్రాంతాల మొక్క. మొదటి ఏడాది ఆకుతో సరిపెట్టి, రెండో ఏడాది పూస్తుంది. వరి మీద వరి వేసే మన మాగాణికి అంత తీరిక ఎక్కడిది? అవే మూడాకులు, అదే పసుపు పూత, అటు మేతకూ ఇటు పచ్చిగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్ట ఎరువుకూ పనికొచ్చే పిల్లిపెసర మన డెల్టాలో ఎప్పటినుంచో ఉంది. కాకపోతే దాని మీద అపోహలకూ కొదవలేదు.

అపోహ: వేర్లకు బుడిపెలు వచ్చాయంటే తెగులు పట్టినట్టే.

ప్రతి సీజన్‌లో ఈ ఫోన్ వస్తుంది. మందు కొనే ముందు ఒక పని చేయండి. పదును ఉన్నప్పుడు మొక్కను మట్టిగడ్డతో సహా పెకలించి, వేర్లను నీళ్లలో మెల్లగా జాడించండి. గట్టిగా లాగితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. బుడిపె గోటికి ఊడివస్తే అది రైజోబియం అనే మేలు చేసే బాక్టీరియా కట్టిన బుడిపె, మంచిదే. ఊడకుండా వేరు తానే ఉబ్బినట్టుంటే నులిపురుగుల (వేర్లను పట్టే, కంటికి కనిపించనంత చిన్న పురుగుల) పని. ఊడిన బుడిపెను చిదమండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే గాలిలోని నత్రజనిని పట్టే పని జోరుగా సాగుతోంది. ఆకుపచ్చగానో మట్టి రంగులోనో ఉంటే ఆగిపోయింది. నీళ్లు నిలిచిన మడిలో ఇలాగే అవుతుంది. ఆకు పసుపెక్కడం కూడా అక్కడే మొదలు. ముందు నీళ్లు తీసేయండి.

అపోహ: కాస్త యూరియా చల్లితే ఇంకా ఏపుగా వస్తుంది.

ఊరికే దొరికే నత్రజని ఉంటే మొక్క బుడిపెల జోలికి పోదు. యూరియా డబ్బులూ పోయాయి, పచ్చిరొట్ట వేసిన ప్రయోజనమూ సగం పోయింది. వరికి వేయాల్సిన భాస్వరం ఎరువు సూపర్ ఫాస్ఫేట్‌ను ముందే దీనికి వేయండి. దున్నాక అది ఎలాగూ వరికే చేరుతుంది. ఎప్పుడూ పప్పుజాతి పంట వేయని నేలైతే విత్తనానికి రైజోబియం కల్చర్ పట్టించి, నీడలో ఆరబెట్టి చల్లండి.

అపోహ: కోతకు ముందు వరిలో ఎప్పుడు చల్లినా మొలుస్తుంది.

మనిషి కోసే పొలంలో కోతకు రెండు మూడు రోజుల ముందు, అడుగు వేస్తే ముద్ర పడేంత తేమలో చల్లాలి. బురదైతే విత్తు కుళ్లుతుంది, ఆరిపోతే మొలవదు. కోత మిషన్ దిగే పొలంలో ముందు చల్లితే చక్రాల కింద పోయేదే ఎక్కువ. కోత అయ్యాక వేసుకోవడం నయం.

అపోహ: పశువులను మేపితే పచ్చిరొట్టకు పనికిరాదు.

ఒకటి రెండు కోతలు మేతకు తీసుకుని, మళ్లీ చిగురించాక కలియదున్నుకోవచ్చు. అయితే ఆకలి మీదున్న గేదెను పొద్దున్నే మంచు తడి ఆరని చేలోకి తోలకండి, కడుపు ఉబ్బుతుంది. ముందు ఎండుగడ్డి వేసి, తర్వాత ఇది వేయండి.

అపోహ: కాయ పట్టేదాకా ఆగితే ఎరువు ఎక్కువ.

చేను నిండా పసుపు పూలుంటే దున్నబుద్ధి కాదు, నిజమే. కానీ దున్నాల్సింది అప్పుడే. కాయ పట్టాక కాడలు పీచెక్కుతాయి, నేలలో తొందరగా చివకవు. విత్తనం కావాలంటే ఓ మూల వదిలేసి, కాయ నల్లబడగానే ఉదయం చల్లపూటే కోయండి. మధ్యాహ్నం ఎండకు టప్పున పగిలి గింజలన్నీ రాలిపోతాయి.