ఘటం ఏ వీధి దాకా? ఊరి పండుగ పేచీ వెనుక 1976

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో గ్రామదేవత పండుగకు చాటింపు పడగానే తలెత్తే పేచీ మళ్లీ తలెత్తింది. అమ్మవారి ప్రతిరూపంగా తలపై ఎత్తుకుని ఊరేగించే కుండ, అంటే ఘటం, తమ వీధిలోకీ రావాలని ఎస్సీ కాలనీ వారు అడుగుతారు, తాతల నాటి దారి మార్చేది లేదని ఉత్సవ కమిటీ అంటుంది. ఆపైన తహసీల్దారు కార్యాలయంలో శాంతి కమిటీ సమావేశం జరుగుతుంది, మానవ విలువల గురించీ సామరస్యం గురించీ పెద్దలు మాట్లాడతారు, ఇరుపక్షాలూ ఒక కాగితం మీద సంతకాలు చేస్తాయి. ఘటం మాత్రం పాత దారినే తిరిగి వస్తుంది. ఆలయ ప్రవేశ ఉద్యమాలు, అన్ని కులాలకూ గుడి తలుపులు తెరిచిన 1947 నాటి మద్రాసు చట్టం, అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణం అందరికీ తెలిసినవే కనుక వాటిని ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టనక్కరలేదు. నేటి తగవు మూలం 1976 నాటి చట్ట సవరణలో ఉంది.

అంతకు ముందున్న 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం గుడిలోకి రానివ్వకపోవడాన్ని నేరంగా ప్రకటిస్తూనే, కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలు కూడా కల్పించింది. కాగితం మీద ఇది పెద్దమనిషి తరహా ఏర్పాటుగానే కనిపిస్తుంది. కానీ ఫిర్యాదు చేసిన మనిషి మర్నాడు పొద్దున్నే నాట్లకు పోవలసింది ఎవరి మడిలోకి, కౌలుకు చేస్తున్నది ఎవరి భూమి అని అడిగితే, ఆ రాజీ ఎవరి షరతుల మీద కుదిరేదో వేరే చెప్పనక్కరలేదు. కేంద్రం 1965లో నియమించిన ఇళయపెరుమాళ్ కమిటీ అస్పృశ్యత స్థితిగతులను పరిశీలించి 1969లో నివేదిక ఇచ్చిన తరువాతే చట్టాన్ని బిగించే పని మొదలైంది.

1976 నవంబరు 19న అమల్లోకి వచ్చిన సవరణ ఆ చట్టం పేరును పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చింది, రాజీకి ఉన్న వీలును తొలగించింది, కనీసం నెల రోజుల జైలుశిక్షను తప్పనిసరి చేసింది. సొంత ఆస్తి అయినా యజమాని పదిమందినీ పూజకు రానిస్తున్న గుడి చట్టం దృష్టిలో సార్వజనిక ఆరాధనా స్థలమేనని కూడా అప్పుడే తేల్చింది. 'మేం చందాలు వేసుకుని కట్టుకున్న గుడి, దేవాదాయ శాఖకు సంబంధం లేదు' అన్న వాదన ఈ జిల్లాల్లో నేటికీ వినిపిస్తూనే ఉంది గానీ, దానికి జవాబు వచ్చి దాదాపు అర్ధశతాబ్దం అయింది. చరిత్ర, తత్త్వం, మతం, కుల సంప్రదాయం, వీటిలో దేని పేరు చెప్పి అంటరానితనాన్ని సమర్థించినా నేరమేనన్న వివరణ కూడా ఆ సవరణలోనిదే. ఆనవాయితీ అనే మాటను సమావేశాల్లో ధారాళంగా వాడేవారు ఆ వివరణను ఒకసారి చదివితే బాగుండును.

కమిటీల వాదన క్లుప్తమైనది: ఘటం దారిని పూర్వీకులు పెట్టారు, అమ్మవారు అందరిదీ, దర్శనానికి ఎవరినీ ఆపడం లేదు, వివాదం రేపుతున్నది బయటివారు.

కాలనీ వారు చెప్పేది ఇంత సులువుగా ముగిసేది కాదు. పండుగ తొలిరోజు నుంచి అమ్మవారిని సాగనంపే అనుపు దాకా ఘటం ముందు డప్పు కొట్టేది వారే, ఇంటింటి చందాలో వారి వాటా కూడా ఉంటుంది. మిగతా వీధుల్లో ప్రతి గుమ్మం ముందూ ఘటం మోసేవారి కాళ్లకు పసుపునీళ్లు పోసి, హారతి ఇచ్చి, చీర పెడతారు. కాలనీ ఆడవాళ్లు అదే పసుపునీళ్లు బిందెలో పట్టుకుని వీధి మొగదలకు నడిచి వచ్చి పోయాలి. డప్పు చప్పుడు వస్తే తప్ప అమ్మవారు కదలదని ఒప్పుకునే ఊరు, ఆ డప్పు కొట్టేవాడి గుమ్మం ముందు మాత్రం అమ్మవారు ఆగదని ఎలా నిర్ణయించిందన్నది వారి ప్రశ్న. శాంతి కమిటీ కాగితాల్లో దానికి సమాధానం దొరకదు.

సామరస్యానికి ఉదాహరణగా అందరూ విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవాన్ని చూపిస్తారు. అది నిజమైన ఉదాహరణే. పూజారి కూర్చుని ఊరేగే పొడవైన మాను, సిరిమాను, ముందు బెస్తవారి వల, పాలధార, అంజలి రథం నడుస్తాయి, ముందురోజు తొలేళ్ల రాత్రి రైతులకు విత్తనాలు పంచుతారు. అయితే అక్కడ ఎవరి పాత్ర ఏమిటో ఊరంతటికీ తెలుసు, ఆ పాత్రకు మర్యాద కూడా ఉంది. పల్లె పండుగలో డప్పుకు పాత్ర ఉంది, మర్యాద దగ్గరే చిక్కు.

1976 తరువాత చెప్పుకోవలసినవి రెండే. శ్రీకాకుళం జిల్లాకే చెందిన జస్టిస్ కోటపల్లి పున్నయ్య ఏకసభ్య కమిషన్ ఉమ్మడి రాష్ట్రంలో అంటరానితనం ఇంకా ఎన్ని రూపాల్లో బతికి ఉందో నమోదు చేసింది. 2016 జనవరి 26 నుంచి అమలైన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్ట సవరణ, మతపరమైన ఊరేగింపుల్లో పాల్గొనకుండా గానీ వాటిని తీయకుండా గానీ అడ్డుకోవడాన్ని నేరాల జాబితాలో చేరుస్తూ, జాతరలను పేరు పెట్టి ప్రస్తావించింది.

ఇంత ఉన్నా అధికారులు రాజీకే మొగ్గుతున్నారంటే అందుకు ఒక కారణం ఉంది. ఊరేగింపులో ఎవరినైనా ఆపితే ఏమవుతుందో చట్టం చెబుతుంది గానీ, ఘటం ఫలానా వీధికి వెళ్లి తీరాలని చెప్పదు. కమిటీలు ఆ సందులోనే నిలబడుతున్నాయి, కాలనీ వారు కావాలంటే వేరే ఘటం ఎత్తుకోవచ్చని సలహా కూడా ఇస్తున్నాయి. చందా ఒకటే అయినప్పుడు ఘటం రెండు ఎందుకు కావాలని కాలనీ వారు అడుగుతున్నారు. వచ్చే సమావేశంలో సంతకం పెట్టే ముందు ఆ మాటను కాగితంలో రాయించాలని వారు పట్టుబడుతున్నారు.